అర్ధరాత్రి చేతి తిమ్మిరి: నరం ఎక్కడ నలుగుతోంది, ఏ వ్యాయామం చేయాలి

రాత్రి రెండింటికి చెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వస్తుంది. నాలుగుసార్లు విదిలిస్తే తగ్గుతుంది. రక్తం ఆడటం లేదేమో అనుకుని చాలామంది బీ కాంప్లెక్స్ మాత్రలతో నెలలు నెట్టుకొస్తారు. విదిలిస్తే తగ్గే ఈ తిమ్మిరి చాలావరకు నరానికి సంబంధించినది.

ముందు ఏ వేళ్లో చూసుకోండి

మణికట్టులో కార్పల్ టన్నెల్ అనే ఒక ఇరుకు దారి ఉంది. అడుగున 8 చిన్న ఎముకలు, పైన గట్టి పట్టీలాంటి లిగమెంట్. వేళ్లను ముడిచే 9 టెండన్లూ (కండను ఎముకకు కలిపే తాళ్లు), మీడియన్ నరమూ అందులోంచే వెళ్లాలి. కాస్త వాపు వచ్చినా నలిగేది నరమే. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరం వేలులో సగం దాని పరిధి. చిటికెన వేలు కాదు. అందుకే తిమ్మిరి చిటికెన వేలిలోనే ఉంటే మోచేతి దగ్గరి నరాన్ని, మెడ నుంచి నొప్పి దిగుతుంటే మెడను అనుమానించాలి. అప్పుడు కింది వ్యాయామాలతో పని లేదు.

నమస్కారాన్ని తిరగేసినట్టు రెండు చేతుల వెనకవైపులను ఆనించి, వేళ్లు కిందికి ఉంచి నిమిషం ఆగండి. ఆ వేళ్లలోనే తిమ్మిరి మొదలైతే నరం మణికట్టులోనే నలుగుతోందన్న అనుమానం బలపడుతుంది.

రాత్రి మాత్రమే వస్తోంది

నిద్రలో మణికట్టు మనకు తెలియకుండానే వంగిపోతుంది, దారి ఇంకా ఇరుకవుతుంది. మణికట్టును నిటారుగా ఉంచే స్ప్లింట్‌ను రాత్రిపూట ఆరు వారాలు వాడి చూడండి. మెడికల్ షాపులో దొరికే చాలావాటిలో లోహపు పట్టీ వెనక్కి వంగి ఉంటుంది, దాన్ని బయటికి తీసి తిన్నగా చేసుకోండి. నన్నడిగితే స్ప్లింట్ ముందు, వ్యాయామం తర్వాత. చాలామంది దీన్ని తిరగేస్తారు.

పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోతున్నాయి

టెండన్లు ఆ దారిలో సాఫీగా జారాలి. వేళ్లు నిటారుగా చాపండి. వేళ్లు అరచేతిని కలిసే మొదటి కణుపులను కదపకుండా పై కణుపులను మాత్రమే కొక్కెంలా వంచండి. మళ్లీ చాపి, పూర్తి పిడికిలి బిగించండి. మళ్లీ చాపి, వేళ్లను తిన్నగా ఉంచి మొదటి కణుపు దగ్గర మాత్రం బల్లలా వంచండి. చివరగా ఆ వేళ్ల కొనలు అరచేతి అడుగును తాకేలా మడవండి. ఒక్కో భంగిమలో ఐదు సెకన్లు. ఇదంతా ఐదుసార్లు, రోజుకు రెండు మూడు పూటలు.

నరానికి ఇంకొకటి. పిడికిలి నుంచి మొదలుపెట్టి వేళ్లు చాపండి, ఆగమని ట్రాఫిక్ పోలీసు చెయ్యి చూపినట్టు మణికట్టును వెనక్కి వంచండి, బొటనవేలిని పక్కకు తెరవండి, అరచేతిని ఆకాశం వైపు తిప్పండి. ఆఖరున రెండో చేత్తో బొటనవేలిని మెల్లగా లాగండి. మూడు నాలుగుసార్లు చాలు.

చేశాక తిమ్మిరి పెరిగింది

నరాన్ని జార్చాల్సింది పోయి సాగదీశారన్నమాట. బొటనవేలు లాగే మెట్టు మానేయండి, రెండుసార్లకే ఆపండి. అప్పటికీ అలాగే ఉంటే వ్యాయామం ఆపేసి డాక్టర్‌కు చూపించండి.

ఇంకో అనుమానితుడు స్పాంజ్ బంతి. చెయ్యి బలహీనంగా ఉంది కదా అని పగలంతా పిసుకుతుంటారు. గట్టిగా పిసికేకొద్దీ దారిలో ఒత్తిడి పెరుగుతుంది. ఇక్కడ కొరత బలం కాదు, చోటు. బంతిని పిల్లలకిచ్చేయండి.

పగలు పనిలో వస్తోంది

బండి హ్యాండిల్ పట్టుకున్నప్పుడు, బట్టలు పిండేటప్పుడు, ఫోన్ చూస్తున్నప్పుడు మణికట్టు వంగి ఉందేమో గమనించండి. తిన్నగా ఉంచండి, మధ్యమధ్యలో చెయ్యి వదిలేయండి.

అన్నీ చేసినా తగ్గడం లేదు

థైరాయిడ్ తక్కువగా పనిచేసినా, షుగర్ ఉన్నా, కీళ్లవాతం ఉన్నా ఇది వస్తుంది. రక్తపరీక్ష చేయించుకోండి. గర్భిణులకు ఒంట్లో నీరు చేరడం వల్ల వస్తుంది, కాన్పయ్యాక సాధారణంగా తగ్గుతుంది.

వస్తువులు జారిపోతున్నాయి, గుండీ పెట్టుకోలేకపోతున్నాను

ఇక వ్యాయామాలతో కాలయాపన వద్దు. రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి బొటనవేలి కింద కండ చూడండి. ఒకవైపు పల్లంగా కనిపిస్తే, లేదా తిమ్మిరి రోజంతా ఉంటే, నరాల పరీక్ష చేయించాలి. డాక్టర్లు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వవచ్చు, లేదంటే ఆ లిగమెంట్‌ను కోసి దారి వదులు చేస్తారు. కరిగిన కండ ఆపరేషన్ తర్వాత కూడా పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.