కొత్త స్క్రోల్ సా మీద చెక్క ఎగిరిపడుతోందా? ముందు బ్లేడు చూడండి

స్క్రోల్ సా అంటే నిలువుగా ఉండే సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ చెక్కను వంపులుగా కోసే కరెంటు రంపం. కావలిలో మా షెడ్డుకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఇదే మాట. "అన్నా, స్క్రోల్ సా కొన్నాను. ఉదయగిరి చెక్క స్పూన్ల లాంటివి చేద్దామని చెక్క పెడితే ఎగిరెగిరి పడుతోంది. పాడైన మిషన్ అంటగట్టినట్టున్నారు." చాలాసార్లు మిషన్ బాగానే ఉంటుంది. తేడా అంతా బ్లేడు బిగించిన తీరులో ఉంటుంది.

కింద చెప్పే ఏ పనికైనా ముందు ప్లగ్గు పీకేయండి. స్విచ్చి ఆపడం చాలదు. బ్లేడు మారుస్తుండగా మోచెయ్యి స్విచ్చికి తగిలితే చాలు, వేలు తెగుతుంది.

బ్లేడు అసలు పట్టడమే లేదు

బ్లేడ్లు రెండు రకాలు. కొన్నిటికి చివర్లలో అడ్డంగా చిన్న పిన్ను ఉంటుంది, కొన్నిటికి ఉండదు. రెండూ సుమారు 5 అంగుళాల పొడవే. మీ మిషన్ దేన్ని పట్టుకుంటుందో చూసుకుని కొనండి. పేర్లు, పువ్వులు లోపల కోసే పనికి పిన్ను లేనివే మేలు, సన్నటి బెజ్జంలో నుంచి దూరతాయి.

చెక్క టకటకా ఎగురుతోంది

మొదటి అనుమానం బ్లేడు తలకిందులుగా ఉండటం. పళ్ళు మీ వైపు చూడాలి, మొనలు కిందికి ఉండాలి. సన్నటి బ్లేడు మీద ఇది కంటికి ఆనదు. పళ్ళ వెంట వేలి కొనను మెల్లగా కింది నుంచి పైకి జరపండి. చేప పొలుసును ఎదురు నిమిరినట్టు గుచ్చుకోవాలి. పై నుంచి కిందికి జరిపితే జారిపోవాలి. దీనికి రివర్స్ అయిందంటే, బ్లేడు పైకి వెళ్ళిన ప్రతిసారీ చెక్కను లేపి మిషన్ బల్లకేసి కొడుతుంది. మా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు ఒక పూటంతా చెక్కను మార్చి మార్చి చూశాడు. చివరికి బ్లేడు తిప్పి పెడితే రెండు నిమిషాల్లో పని కుదురుకుంది.

కొన్ని బ్లేడ్లకు అడుగున నాలుగైదు పళ్ళు మాత్రం కావాలనే పైకి ఉంటాయి, కింది అంచు చిట్లకుండా. అవి కనబడితే కంగారు పడకండి, మిగతా పళ్ళను చూడండి.

బ్లేడు సరిగ్గానే ఉంటే, చెక్క మందంలో ఎప్పుడూ కనీసం రెండు మూడు పళ్ళు ఉన్నాయో లేదో గమనించండి. 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మీద 7వ నంబరు బ్లేడు పెడితే పన్ను చెక్కకు తగులుకుని లాగేస్తుంది. నంబరు తగ్గేకొద్దీ బ్లేడు సన్నబడుతుంది. సన్న బ్లేడు లేకపోతే రెండు మూడు ప్లైవుడ్ ముక్కలు ఒకదాని మీద ఒకటి టేపుతో అంటించి కలిపి కోయండి. ముప్పావు అంగుళం చెక్కకు 5వ నంబరుతో మొదలుపెట్టవచ్చు.

బ్లేడు పటుక్కున తెగుతోంది, లేదా కోత వంకర పోతోంది

టెన్షన్, అంటే బ్లేడు బిగువు చూడండి. బ్లేడును గోటితో మీటితే తీగలా ఖంగుమనాలి. మొద్దుగా పలికితే వదులు. పక్క నుంచి వేలితో నొక్కితే 3 మిల్లీమీటర్లకు మించి వంగకూడదు. మరీ బిగించినా తెగుతుంది. చెక్కను బలంగా తోసినా తెగుతుంది. రంపం కోయాలి, మీరు దారి మాత్రం చూపాలి. గట్టి చెక్క మీద అరగంట కోతకే పళ్ళు మొద్దుబారవచ్చు. దాంతోనే ఈడ్చకండి, కొత్తది వేయండి.

బ్లేడు తనను పట్టి ఉంచే క్లాంపు నుంచి జారిపోతుంటే కొత్త బ్లేడు మీదున్న నూనె కారణం కావచ్చు. రెండు చివరలను ఉప్పుకాగితంతో రుద్ది తుడిచి బిగించండి.

గీత మీద నిలవకుండా ఎప్పుడూ ఒకే పక్కకు లాగుతోంది

ఇక్కడే చాలామంది తమ చెయ్యి కుదరడం లేదనుకుని మానేస్తారు. అలా మానొద్దు, తప్పు మీది కాదు. పళ్ళు తీసేటప్పుడు చాలా బ్లేడ్లకు ఒక పక్క సన్నటి గరుకు మిగులుతుంది. ఆ పక్క ఎక్కువ కోస్తుంది. పనికిరాని ముక్క మీద గీత గీసి కోస్తూ, ఎంత ఏటవాలుగా తోస్తే గీత మీద నిలుస్తుందో పట్టుకోండి. ఆ కోణం రెండు మూడు రోజుల్లో చేతికి అలవాటవుతుంది.

పైన సరిపోయిన ముక్క అడుగున సరిపోవడం లేదు

మిషన్ బల్ల ఒరిగి ఉంది. బల్ల కింద కోణం చూపే ముల్లు సున్నా చూపిస్తోందని నమ్మకండి. చిన్న మూలమట్టాన్ని బ్లేడు పక్కన ఆనించి చూడండి. ఇంకా నమ్మకమైన పరీక్ష ఉంది. మందపాటి ముక్క అంచున కొంచెం గాటు పెట్టి మిషన్ ఆపండి. ముక్కను బ్లేడు వెనక్కి తెచ్చి అదే గాటును బ్లేడు మీదికి జరపండి. నున్నగా ఎక్కితే బల్ల సరిగ్గా ఉంది. పట్టేస్తే ఆ మేరకు తప్పుంది.

అంచు కాలి నల్లబడుతోంది

మొద్దు బ్లేడు, లేదా వేగం ఎక్కువ. చెక్క మీద పారదర్శకమైన ప్యాకింగ్ టేపు అంటించి కోస్తే మాడటం చాలావరకు తగ్గుతుంది.

మిషన్ ఊగుతోంది

మిషన్ను బరువైన పని బల్లకు బోల్టులతో బిగించండి. కాళ్ళ కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు వేయండి.

బల్ల తుప్పు పడుతోంది, చెక్క జారడం లేదు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన సముద్రపు ఊళ్ళలో ఇది తప్పదు. నూనె పూయకండి, చెక్కకు మరకలవుతాయి. సన్న ఉప్పుకాగితంతో తుడిచి, కొవ్వొత్తి రుద్ది, పొడి గుడ్డతో మెరిసేదాకా పట్టండి.

చేతికి గ్లౌజులు వద్దు, భుజాన తువ్వాలు వద్దు, గాజులు తీసేయండి. కళ్ళద్దాలు, మాస్కు తప్పనిసరి, ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన పలక) పొడి మరీ చెడ్డది. వేళ్ళు బ్లేడుకు ఎదురుగా కాకుండా పక్కల ఉండాలి. వేలికంటే చిన్న ముక్కను చేత్తో పట్టకండి. వెడల్పాటి చెక్కకు రెండు వైపులా అతుక్కునే టేపుతో అంటించి, ఆ చెక్కను పట్టుకుని కోయండి.