డాబా మీద పాటల సాయంత్రం పెట్టాలంటే

తన పాట తనే రాసి, బాణీ కట్టి పాడేవాళ్లని మనం వాగ్గేయకారులంటాం. గిటార్ పట్టుకుని సొంత పాటలు పాడే ఇప్పటి పిల్లలకి ఆ మాట మరీ పెద్దదనిపిస్తుందేమో గానీ, చేసేది అదే పని. వాళ్ల కోసం నాలుగేళ్లుగా పద్మారావునగర్‌లో మా డాబా మీద పాటల సాయంత్రాలు పెడుతున్నాను. సినిమా పాటైతే సగం మాటలు వినబడకపోయినా జనమే అందుకుంటారు. ఇక్కడ ప్రతి పాటా కొత్తదే. మాట అందకపోతే ఇక ఏమీ మిగలదు.

పాడేవాళ్లు నలుగురు, వినేవాళ్లు నలభై మంది చాలు. ఒక్కొక్కరూ అరగంట పాడి దిగిపోతే ఆఖరివాళ్ల వంతు వచ్చేసరికి డాబా సగం ఖాళీ అవుతుంది. అమెరికాలోని నాష్‌విల్‌లో 1982లో మొదలైన బ్లూబర్డ్ కఫేలో నలుగురు పాటల రచయితలు మధ్యలో గుండ్రంగా కూర్చుని వంతులవారీగా ఒక్కో పాట పాడతారు, జనం చుట్టూ కూర్చుంటారు. మేమూ అలాగే జంపఖానా పరిచి కూర్చోబెడతాం. తలా నాలుగు పాటలు. పాట వెనక కథ చెప్పాలంటే రెండు నిమిషాలు, అంతకుమించి వద్దు.

పాతిక మంది లోపైతే మైకు అవసరం లేదు. ఎక్కువైతే రెండు మైకులు, రెండు చిన్న స్పీకర్లు అద్దెకు తెచ్చుకోండి. స్పీకర్ల ముఖం జనం వైపు, వీపు మైకుల వైపు ఉండాలి. ఎదురెదురైతే కూత పెడతాయి. పెదవులకీ మైకుకీ మధ్య పిడికెడు దూరం. గిటార్ చప్పుడు గొంతు కంటే ఒక మెట్టు కిందే ఉంచండి. పరీక్షకి నేను చేసేది ఒకటే: నేనెప్పుడూ వినని పాట పాడమని చెప్పి, వెనక నీళ్ల ట్యాంకు పక్కకెళ్లి నిలబడతాను. పల్లవి ఒక్కసారి విని తిరిగి చెప్పగలిగితే సౌండ్ కుదిరినట్టే.

గిటార్లు అరగంట ముందే పైకి తెప్పించండి. ఏసీ గదిలోంచి బయటి గాలిలోకి రాగానే శ్రుతి మారుతుంది. కొత్త తీగలు అదే రోజు వేస్తే పాట మధ్యలో జారతాయి, రెండు రోజుల ముందే వేసుకోమని ఫోన్‌లోనే చెప్పేయండి.

తినేవి విరామంలోనే పెట్టాలి. మొదటి ఏడాది ఒక కుర్రాడు చనిపోయిన వాళ్ల నాన్న మీద రాసిన పాట పాడుతున్నాడు. గొంతు బాగా తగ్గించి ఆఖరి చరణం ఎత్తుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఎవరో చిప్స్ ప్యాకెట్ చింపారు. ఆ లైను ఎవరికీ వినబడలేదు. నాకు ఇప్పటికీ బాధే. ఆ రోజు నుంచి విరామంలో ఇరానీ చాయ్, ఉల్లి సమోసా, అంతే.

చుట్టుపక్కల ఇళ్లకి మీరే వెళ్లి పిలవండి. మా పక్కింటి మామ్మగారు ఇప్పుడు ముందు వరసలో కుర్చీ వేయించుకుంటారు. సినిమా పాటలు అడగొద్దని పిలిచేటప్పుడే మర్యాదగా చెప్పండి. రాత్రి పది దాటాక స్పీకర్లు పెట్టకూడదు కాబట్టి ఆరున్నరకల్లా మొదలుపెట్టాలి.

తొమ్మిదిన్నరకి నేను స్పీకర్లు ఆపేస్తాను. ఆఖరి పాట మైకు లేకుండానే. జనం వాళ్లంతట వాళ్లే ముందుకు జరిగి, మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుంటారు. ఆ తర్వాత హుండీలో పడింది, ఫోన్‌కి వచ్చింది అందరి ముందే లెక్కపెట్టి, నలుగురికీ సమానంగా పంచి, వాళ్లు మెట్లు దిగకముందే చేతిలో పెట్టండి.