100 శాతం ఎందుకు నిండట్లేదు, ఏ డీఎల్‌సీ కొనాలి: సమస్యలు - పరిష్కారాలు

ఆటకు నాకు రోజూ దొరికేది రాత్రి భోజనాలయ్యాక ఒక గంటన్నర. అందులోనే ట్రోఫీల వేట (ఆట పెట్టే షరతులు పూర్తి చేస్తే వచ్చే గుర్తింపులన్నీ సంపాదించి 100 శాతం నింపడం) కూడా పెట్టుకున్నాను కాబట్టి టైమ్ ఎక్కడ పోతుందో, డబ్బు ఎక్కడ పోతుందో పడి లేచి నేర్చుకున్నాను. మా బాబాయ్ కొడుకు ఫోన్ చేసి అడిగేవి, ఫ్రెండ్స్ అడిగేవి కూడా తిరిగి తిరిగి ఇవే: 100 శాతం ఎందుకు నిండట్లేదు, డీఎల్‌సీ (అసలు ఆటకు విడిగా వచ్చే అదనపు భాగం) ఏది కొనాలి. ఎక్స్‌బాక్స్ 360తో 2005లో అచీవ్‌మెంట్లు మొదలయ్యాయి, 2007లో పీసీ ఆటల స్టోర్ స్టీమ్‌కి, 2008లో ప్లేస్టేషన్ 3కి ట్రోఫీల పేరుతో వచ్చాయి. పేరు ఏదైనా ఇబ్బందులు మాత్రం దాదాపు ఒకటే.

షరతు పూర్తి చేశాను, అచీవ్‌మెంట్ మాత్రం రాలేదు

ముందు చూడాల్సింది మాడ్‌లు, అంటే ఆటను మార్చుకోవడానికి బయటి నుంచి చేర్చుకునే ఫైళ్లు. 2016లో వచ్చిన స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్‌లో మాడ్ ఒక్కటి ఆన్ చేసినా అచీవ్‌మెంట్లు ఆగిపోతాయి. బొమ్మలు కొంచెం బాగా కనిపించడానికి పెట్టుకున్న చిన్న మాడ్ అయినా అంతే. తీసేసి, మాడ్ లేకుండా చేసిన సేవ్ నుంచి ఆడాలి. యూరోపా యూనివర్సాలిస్ 4లో అయితే ఐరన్‌మ్యాన్ మోడ్‌లో (పాత సేవ్‌కి వెనక్కి వెళ్లనివ్వని మోడ్) మొదలుపెడితేనే అచీవ్‌మెంట్లు వస్తాయి. మామూలు మోడ్‌లో యాభై గంటలు ఆడి సామ్రాజ్యం కట్టినా లెక్కలోకి రాదు, మధ్యలో మార్చుకోవడమూ కుదరదు. కొత్త ఆట మొదలుపెట్టడం తప్ప దీనికి మందు లేదు.

రెండో కారణం డిఫికల్టీ, అంటే ఆట ఎంత కష్టంగా ఉండాలో మనం ఎంచుకునే స్థాయి. విచర్ 3ని అన్నిటికన్నా కష్టమైన 'డెత్ మార్చ్'లో పూర్తి చేస్తే ఒక ట్రోఫీ ఉంది. ఒక బాస్ (పెద్ద శత్రువు) దగ్గర విసుగొచ్చి ఐదు నిమిషాలు డిఫికల్టీ తగ్గించి, మళ్లీ పెంచినా అది పోయినట్టే. ఆట ఆ క్షణంలో ఏమీ చెప్పదు, చివర్లో తెలుస్తుంది.

ఈ రెండూ కాకపోతే నెట్ సంగతి చూడండి. ఆఫ్‌లైన్‌లో వచ్చినవి మళ్లీ కనెక్ట్ అయ్యాకే అకౌంట్‌లోకి చేరతాయి. స్టీమ్‌ని పూర్తిగా మూసి తెరిచి, గేమ్ ఫైళ్లను వెరిఫై చేయండి. ప్లేస్టేషన్‌లో ట్రోఫీలను సింక్ చేయండి. చాలాసార్లు దీంతో సరిపోతుంది.

కథ అయిపోయింది, ఒక్కటి మిగిలింది, వెనక్కి వెళ్లే దారి లేదు

వేటగాళ్లను ఎక్కువగా ఏడిపించేది ఇదే. మిస్సబుల్ అంటాం కదా, ఒక ఘట్టం దాటాక ఇక దొరకనివి.

విచర్ 3లో నేను ఇలాగే ఇరుక్కున్నాను. బేస్ గేమ్‌లోని (డీఎల్‌సీలు లేని అసలు ఆటలోని) గ్వెంట్ కార్డులన్నీ సేకరిస్తే ఒక ట్రోఫీ. పేకాటలాంటి ఆటే కదా, కథ అయ్యాక తీరిగ్గా ఆడుకోవచ్చులే అనుకున్నాను. కానీ కొన్ని కార్డులు కథలోని క్వెస్టులతో, అంటే ఆట అప్పగించే పనులతో, ముడిపడి ఉన్నాయి. ట్రిస్ అనే పాత్రతో కలిసి ముసుగులు పెట్టుకుని వెగెల్‌బడ్ వాళ్ల విందుకు వెళ్లే ఘట్టం ఉంది. అక్కడ తోటలో ఒక గ్వెంట్ టోర్నమెంట్ జరుగుతుంటుంది. డాండెలియన్ కార్డు అందులో గెలిస్తే వచ్చేదే. నేను మాత్రం కథ ఏమవుతుందోనన్న తొందరలో ఆ బల్లల పక్కనుంచే నడిచి వెళ్లిపోయాను. తొంభై గంటలు ఆడాక కార్డులు లెక్కపెట్టుకుంటే అప్పుడు అర్థమైంది. మళ్లీ వెళ్దామంటే ఆ విందు ముందు సేవ్ నా దగ్గర లేదు.

ఇప్పుడు ఆడేవాళ్లకు ఒక మంచి సాధనం ఉంది. తర్వాతి అప్‌డేట్‌లో ఆటలోకి గ్వెంట్ మీద ఒక పుస్తకం చేర్చారు. నోవిగ్రాడ్ నగరంలో సెయింట్ గ్రెగరీ వంతెన దగ్గరి వ్యాపారి అమ్ముతాడు. ఇన్వెంటరీలో తెరిచి చదివితే మీ దగ్గర ఇంకా ఎన్ని కార్డులు లేవో, అవి ఎక్కడ దొరుకుతాయో చెబుతుంది. నోవిగ్రాడ్ చేరగానే కొనండి, ప్రతి పెద్ద క్వెస్టుకు ముందూ ఒకసారి తెరిచి చూడండి.

ఎల్డెన్ రింగ్‌లో ఇదే జబ్బు ఇంకో రూపంలో ఉంటుంది. తొమ్మిది లెజెండరీ ఆయుధాలు సేకరించే ట్రోఫీలో బోల్ట్ ఆఫ్ గ్రాన్సాక్స్ ఒకటి. అది లేండెల్ నగరంలో ఉంటుంది. కథ ముందుకెళ్లి ఆ నగరం బూడిదయ్యాక అక్కడికి వెళ్లినా దొరకదు, ఇంకో ప్లేత్రూ చేయాల్సిందే, అంటే ఆటను మళ్లీ మొదటి నుంచి ఆడాలి.

పరిష్కారం విషయంలో నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. ట్రోఫీ గైడ్ పక్కన పెట్టుకుని మొదటి ప్లేత్రూ ఆడొద్దు. కథలో మొదటిసారి ఎదురయ్యే ఆశ్చర్యం మళ్లీ రాదు, ట్రోఫీ మాత్రం రెండోసారికైనా వస్తుంది. గైడ్‌లో మిస్సబుల్స్ పేర్లున్న భాగం ఒక్కటే మొదట్లో చూడండి, వివరాల జోలికి వెళ్లకండి. మాన్యువల్ సేవ్ ఇచ్చే ఆటల్లో పెద్ద ఘట్టం వస్తోందని అనిపించినప్పుడల్లా వేరే స్లాట్‌లో ఒక సేవ్ పెట్టి, దాని మీద మళ్లీ రాయకండి. నా దగ్గర అలాంటి ఒక్క సేవ్ ఉంటే ఆ విందుకు తిరిగి వెళ్లేవాణ్ణి.

ఒకటి తీసుకుంటే ఇంకోటి పోతోంది

దీనికి హాలో నైట్‌ను మించిన ఉదాహరణ నాకు తెలియదు. ఆటలో నెయిల్‌స్మిత్ అని ఒక కమ్మరి ఉంటాడు. మీ ఆయుధాన్ని నాలుగుసార్లు పదును పెడతాడు. చివరిసారికి 4000 జియో (ఆటలోని డబ్బు), మూడు పేల్ ఓర్ (అరుదైన ఖనిజం) కావాలి. అవి కూడగట్టడానికి పట్టే శ్రమ ఆడినవాళ్లకు తెలుసు. ఆ పని అయ్యాక జీవితంలో చేయాల్సింది అయిపోయిందని గుడిసె బయటికొచ్చి, తను చేసిన ఆయుధంతోనే తనను కొట్టమంటాడు. కొడితే ఒక అచీవ్‌మెంట్. కొట్టకుండా వదిలేస్తే అతను తర్వాత షియో అనే గురువు దగ్గర చేరి బొమ్మలు వేసుకునే చోట నమూనాగా నిలబడి కనిపిస్తాడు, అక్కడ ఇంకో అచీవ్‌మెంట్. రెండూ ఒకే సేవ్‌లో రావు. జోట్ అనే పాత్రతోనూ ఇదే కథ. రక్షిస్తే తర్వాత కొలోసియం అనే పోరు బరిలో ఓడించి ఒకటి, చావనిస్తే ఇంకోటి. గ్రిమ్ అనే ప్రదర్శన బృందం నాయకుడి పూజ పూర్తి చేయడానికి ఒకటి, ఆ బృందాన్ని వెళ్లగొట్టడానికి ఒకటి.

చాలామంది ఇక్కడ టెన్షన్ పడి, ఆట మొత్తం మూడోసారీ నాలుగోసారీ ఆడాలనుకుంటారు. అక్కర్లేదు. ఆట ఒకసారి పూర్తి చేస్తే స్టీల్ సోల్ మోడ్ తెరుచుకుంటుంది. అందులో ఒక్కసారి చస్తే సేవ్ మొత్తం పోతుంది. ఆ మోడ్‌లో 100 శాతం పూర్తి చేయడానికి ఎలాగూ ఒక అచీవ్‌మెంట్ ఉంది, అంటే రెండో ప్లేత్రూ ఎలాగూ తప్పదు. కాబట్టి మొదటి సేవ్‌లో మీ మనసుకు నచ్చినట్టు ఆడండి, కమ్మరిని వదిలేయాలనిపిస్తే వదిలేయండి. మిగిలిన సగాన్ని స్టీల్ సోల్‌లో తీసుకోండి. నేను కమ్మరిని మొదటిసారి కొట్టలేకపోయాను. రెండోసారి కూడా చేయి వెంటనే ఆడలేదు, కాసేపు కంట్రోలర్ పక్కన పెట్టి చూస్తూ కూర్చున్నాను. ఈ ఆటలో అచీవ్‌మెంట్ల జాబితా ఎంత ఆలోచించి రాశారో నాకు అప్పుడే తెలిసింది.

ఐదు గంటల్లోపు పూర్తి చేసే స్పీడ్‌రన్‌ను మాత్రం దేనితోనూ కలపకండి. దానికి వేరే స్లాట్ పెట్టుకోండి, నాలుగు స్లాట్లు ఇచ్చారు.

ఎంత ఆడినా ఆ ట్రోఫీ రాదు

కారణం మీ ఆటలో లేదు, సర్వర్ మూసేశారు. ప్లేస్టేషన్ 3లో ద లాస్ట్ ఆఫ్ అస్ ప్లాటినంకి (బేస్ గేమ్ ట్రోఫీలన్నీ వచ్చాక దక్కే ట్రోఫీ) మల్టీప్లేయర్ ట్రోఫీలు కూడా కావాలి. ఆ సర్వర్లు 2019 సెప్టెంబర్‌లో ఆగిపోయాయి, దానితో ఆ వెర్షన్‌లో ప్లాటినం దారీ మూసుకుపోయింది. పాత ఆట కొనేముందు జాబితాలో ఆన్‌లైన్ ట్రోఫీలు ఉన్నాయా, సర్వర్లు నడుస్తున్నాయా అన్నది రెండు నిమిషాలు చూసుకోండి. ఉంటే కథ కోసం ఎప్పుడైనా ఆడుకోవచ్చు గానీ ఆన్‌లైన్ ట్రోఫీలను మాత్రం ముందే పూర్తి చేయాలి.

నిన్నటిదాకా 100, ఇవాళ 66

ఏమీ పాడవలేదు, డీఎల్‌సీ వచ్చింది, అంతే. విచర్ 3 బేస్ గేమ్‌లో 52 అచీవ్‌మెంట్లు. దాని డీఎల్‌సీలు హార్ట్స్ ఆఫ్ స్టోన్, బ్లడ్ అండ్ వైన్ కలిపి ఇంకో 26. స్టీమ్‌లో జాబితా ఒక్కటే కాబట్టి 52 పూర్తి చేసినవాళ్లకు కూడా 78లో 52 అని కనిపిస్తుంది, అంటే దాదాపు 66 శాతం. డీఎల్‌సీ కొనకపోయినా సరే. ప్లేస్టేషన్‌లో శాతం తగ్గుతుంది గానీ ప్లాటినం ఎక్కడికీ పోదు, ఎందుకంటే ప్లాటినం బేస్ గేమ్ ట్రోఫీలకు మాత్రమే కట్టుబడి ఉంటుంది.

ఇక్కడే చాలామంది చేయి పర్సు మీదికి వెళ్తుంది. పడిపోయిన అంకెను పైకి తేవడానికి డీఎల్‌సీ కొనడమంటే ఆకలి లేకుండా ప్లేటు ఖాళీ చేయడం లాంటిది. ఉచితంగా వచ్చినా ఇదే మాట. హాలో నైట్‌కు నాలుగు కంటెంట్ ప్యాక్‌లు పైసా తీసుకోకుండా ఇచ్చారు. వాటిలో 2018లో వచ్చిన గాడ్‌మాస్టర్‌లో చివరి పాంథియాన్ అనే పరీక్ష నలభైకి పైగా బాస్‌లను ఆపకుండా వరుసగా కొట్టమంటుంది. డబ్బు పోదు గానీ వారాలు పోతాయి. ఆ బాస్‌లతో పోరాటమే మీకు ఇష్టమైతే అంతకన్నా మంచి బహుమతి లేదు. కాకపోతే శాతం అంకెను అలాగే వదిలేయండి.

సేల్‌లో ఉంది, తీసుకోనా వద్దా

"అన్నా, సగం రేటుకే ఉంది, మళ్లీ పెడతారో లేదో, తీసేసుకోనా?" మా వాడు ఈ ప్రశ్న ఎప్పుడు అడిగినా తిరిగి ఒక్కటే అడుగుతాను: అందులో ఒక్క ట్రోఫీ కూడా లేకపోతే ఆడతావా?

ఇది ఊహించుకుని వేసే ప్రశ్న కాదు. 2024 జూన్‌లో వచ్చిన ఎల్డెన్ రింగ్ డీఎల్‌సీ షాడో ఆఫ్ ద ఎర్డ్‌ట్రీలో నిజంగానే ఒక్క ట్రోఫీ కూడా లేదు. ఒక పెద్ద మ్యాప్, కొత్త ఆయుధాలు, కొత్త బాస్‌లు ఉన్నాయి గానీ జాబితాలో ఒక్క గీత పెరగలేదు. అయినా నేను ఆ ఆట మీదున్న ప్రేమతో కొన్నాను, ఒక్క రూపాయికీ బాధపడలేదు. ట్రోఫీ లేదు కాబట్టి ఏ మూల వదిలేసినా మనసు లాగలేదు, కావలసిన చోట కావలసినంత సేపు తిరిగాను.

విచర్ 3కే వస్తే రెండు డీఎల్‌సీలూ కొనదగినవే. అయితే ఎవరికి ఏది అన్నది వేరు. హార్ట్స్ ఆఫ్ స్టోన్ పది గంటల కథ, ఎక్కువగా పాత మ్యాప్‌లోనే నడుస్తుంది, కథాబలం మాత్రం చాలా గట్టిది. బ్లడ్ అండ్ వైన్‌లో టూసాంట్ అనే కొత్త ప్రాంతం మొత్తం ఉంది, ఇరవై గంటలు పడుతుంది. 2016లో గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ ఆర్‌పీజీ (రోల్ ప్లేయింగ్ గేమ్) బహుమతి ఆ డీఎల్‌సీకే వచ్చింది. బేస్ గేమ్ చివరికొచ్చేసరికి అలసిపోయినవాళ్లు చిన్నదానితో ఆపొచ్చు. ఇంకా ఆ లోకంలోనే ఉండాలనిపించేవాళ్లు పెద్దది తీసుకోవాలి. ఇంకా ఆట మొదలే పెట్టనివాళ్లు విడివిడిగా కొనకండి, అన్నీ కలిపిన కంప్లీట్ ఎడిషన్ ధర ముందు చూడండి. సేల్‌లో బేస్ గేమ్ కొని, తర్వాత రెండూ వేరువేరుగా కొన్నవాళ్లకు తరచూ ఎక్కువే పడుతుంది.

దుస్తులు, గుర్రానికి కవచం లాంటి అలంకారాలు నేను కొనను. 2006లో ఆబ్లివియన్ గుర్రపు కవచాన్ని రెండున్నర డాలర్లకు అమ్మినప్పటి నుంచి ఈ వాదన ఉంది. ఆటలో మీరు చేసే పని ఏమీ మారదు కదా. విడుదలకు ముందే అమ్మే సీజన్ పాస్ (రాబోయే డీఎల్‌సీలన్నిటికీ కలిపి ముందే కొనేది) కూడా వద్దు. అందులో ఏం వస్తుందో తెలియకముందే డబ్బు ఇచ్చే అవసరం లేదు, ఆట బాగుంటే ఆ డీఎల్‌సీలు ఆర్నెల్లకూ ఉంటాయి, ధర తగ్గి ఉంటుంది.

కొన్నాను, ఆటలో కనిపించట్లేదు

రెండు కారణాల్లో ఒకటి. మొదటిది, ద్వారం ఇంకా తెరుచుకోలేదు. షాడో ఆఫ్ ద ఎర్డ్‌ట్రీలోకి వెళ్లాలంటే రాడాన్, మోగ్ అనే బాస్‌లను ముందు ఓడించాలి. విచర్ డీఎల్‌సీలకు అలా అడ్డు లేదు గానీ, అవి లెవెల్ 30 దాటినవాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసినవి. కొత్తగా ఆట మొదలుపెట్టినవాళ్లు సేల్‌లో దొరికిందని డీఎల్‌సీ ముందే కొంటే నెలల తరబడి అలాగే ఉంటుంది.

రెండోది మన ఇళ్లలో చాలా జరిగేదే. అమెరికా నుంచి అన్నయ్యో బావగారో వస్తూ డిస్క్ తెస్తారు. మనం ఇక్కడి స్టోర్‌లో డీఎల్‌సీ కొంటాం. ప్లేస్టేషన్‌లో డిస్క్ ప్రాంతం, డీఎల్‌సీ కొన్న స్టోర్ ప్రాంతం ఒకటి కాకపోతే ఆ రెండూ కలవవు, ఆటకు డీఎల్‌సీ ఉన్నట్టే తెలియదు. కొనేముందు డిస్క్ పెట్టె అంచున ఉన్న కోడ్ చూడండి. ప్లేస్టేషన్ 4 ఆటలకు అది సీయూఎస్ఏతో, 5కి పీపీఎస్ఏతో మొదలవుతుంది. ఆ కోడ్ ఏ ప్రాంతానిదో తెలుసుకుని ఆ ప్రాంతపు స్టోర్‌లోనే కొనాలి. కుదరకపోతే ఇక్కడి స్టోర్‌లోనే ఆట, డీఎల్‌సీ రెండూ డిజిటల్‌గా తీసుకోవడం మేలు.

కొన్నాక నచ్చలేదు, డబ్బు వెనక్కి వస్తుందా

స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, కొన్నాక ఆ ఆటను రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే డీఎల్‌సీకీ రీఫండ్ అడగొచ్చు. డీఎల్‌సీ కొన్న రాత్రే బేస్ గేమ్‌లో పాత పనులు పూర్తి చేస్తూ కూర్చుంటే ఆ రెండు గంటలు అక్కడే అయిపోతాయి, కాబట్టి నేరుగా డీఎల్‌సీలోకే వెళ్లండి. ప్లేస్టేషన్‌లో మాత్రం 14 రోజుల గడువున్నా డౌన్‌లోడ్ మొదలైతే ఇక అడగలేరు. ఆటోమేటిక్ డౌన్‌లోడ్ ఆన్‌లో ఉంటే కొన్న నిమిషానికే మొదలైపోతుంది. పేమెంట్ చేసేముందే దాన్ని ఆఫ్ చేసి పెట్టండి.