రాత్రి కరాటే, తెల్లారి పరుగు: మే నుంచి ఆగస్టు దాకా సంసారుల జాగ్రత్తలు

హైదరాబాద్ మారథాన్ ఆగస్టు ఆఖర్లో ఉంటుంది. 21.1 కిలోమీటర్ల హాఫ్‌కి పదహారు వారాల సాధన లెక్క వేస్తే మొదటి వారం మే మొదట్లో పడుతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తె, బళ్లు తెరిచే జూన్ రెండో వారం, జ్వరాల వానాకాలం అన్నీ ఈ పదహారు వారాల్లోనే. దీని మీద వారానికి రెండు రాత్రులు కరాటే క్లాసు, ఒక ఉద్యోగం, బడికెళ్లే పిల్లలు. చాలామంది కిలోమీటర్లు లెక్క పెట్టుకుంటారు, క్లాసులు లెక్క పెట్టుకుంటారు. ఆ రెంటికీ మధ్య ఎన్ని గంటలు మిగిలాయో మాత్రం చూడరు. ముందు చూడాల్సింది అదే.

గంటల లెక్క

క్లాసు ఏడున్నర నుంచి తొమ్మిది దాకా అనుకుందాం. ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర. స్నానం, భోజనం, పిల్లల రేపటి బ్యాగులు సర్దడం. కుమితే (ఇద్దరు ఎదురెదురుగా తలపడే సాధన) చేసిన ఒళ్లు వెంటనే చల్లబడదు, కాబట్టి నిద్ర పట్టేసరికి పదకొండుంబావు. నాలుగుంబావుకి అలారం మోగితే చేతికి వచ్చిన నిద్ర అయిదు గంటలే. అలా లేచి పరుగెత్తితే ఎండ త్వరగా తగులుతుంది, అడుగు తడబడుతుంది, ఆఫీసులో కునికిపాట్లు, సాయంత్రం పిల్లల మీద విసుగు. అందుకని ఒక్క నియమం గట్టిగా పెట్టుకోండి: క్లాసు జరిగిన మర్నాడు తెల్లారి పరుగు లేదు.

మంగళ, గురువారాల్లో క్లాసు ఉంటే వారం ఇలా కుదురుతుంది. సోమవారం ఏమీ లేదు, పెందలాడే పడక. మంగళవారం తెల్లారి కాస్త వేగంగా 40 నిమిషాల పరుగు, ఆ రాత్రే కటా (ఒంటరిగా వరసగా చేసే కరాటే కదలికలు), టెక్నిక్ క్లాసు. బుధవారం ఖాళీ. గురువారం రాత్రి కుమితే. శుక్రవారం ఖాళీ. శనివారం తెల్లారి మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత నెమ్మదిగా అయిదు కిలోమీటర్లు. ఆదివారం అయిదింటికి లాంగ్ రన్, అంటే వారంలో అన్నిటికన్నా పొడవైన పరుగు. ఇలా పెట్టుకుంటే కుమితే అయ్యాక లాంగ్ రన్‌కి సుమారు 56 గంటలు, లాంగ్ రన్ అయ్యాక మళ్లీ కాలెత్తి తన్నడానికి 60 గంటలు దొరుకుతాయి. వారానికి మూడు పరుగులేనా అనిపించవచ్చు. హాఫ్ పూర్తి చేయడానికి ఇవి చాలు. నాలుగోది కావాలంటే నిద్రలోంచే కోయాలి.

తప్పిపోయినదాన్ని మర్నాడు పూడ్చుకోవద్దు. పెళ్లికెళ్లి మంగళవారం పోయిందా, పోయింది. దాన్ని బుధవారానికి తోస్తే గురువారం కుమితేలో అలసిన కాళ్లతో దిగుతారు. ఆరు గంటలకంటే తక్కువ నిద్రపోయిన రోజు వేగం పరుగు, కుమితే రెండూ వద్దు. నెమ్మదిగా నడవండి, కటా చేసుకోండి, లేదా పడుకోండి.

లాంగ్ రన్ ఎనిమిది కిలోమీటర్లతో మొదలుపెట్టి వారానికి ఒకటి, మహా అయితే ఒకటిన్నర పెంచండి. ప్రతి నాలుగో వారం పావు వంతు తగ్గించండి. ఆ తగ్గించే వారం జూన్ 12 ప్రాంతంలో పడేట్టు ముందే చూసుకోండి. సెలవుల్లో సాఫీగా నడిచిన టైంటేబుల్ బళ్లు తెరిచిన రోజున తలకిందులవుతుంది: టిఫిన్ డబ్బాలు, యూనిఫాం, ఆటో రాకపోవడం.

ఇంట్లో పెద్ద పోట్లాటలు వచ్చేది పరుగు వల్ల కాదు, ఆదివారం పరుగు అయ్యాక మధ్యాహ్నం దాకా సోఫాలో పడి ఉండటం వల్ల. ఏ ఆదివారాలు వదులుకోవాలో, ఏ ఉదయం పిల్లల్ని ఎవరు చూడాలో నెల మొదట్లోనే క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి. ఇంకో మాట. పదిహేను కిలోమీటర్లు పరుగెత్తిన రోజే కుటుంబాన్ని ఎక్కించుకుని సొంతూరికి కారు నడపవద్దు. మధ్యాహ్నం రెండు దాటాక కునుకు వస్తుంది, బ్రేకు మీద పిక్క పట్టేస్తుంది. తప్పనిసరైతే స్టీరింగ్ ఇంకొకరికి ఇవ్వండి.

ఎండ, ఉక్క

ఒళ్లు వేడికి అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు కావాలి. ఏసీ ఆఫీసులో ఏడాదంతా కూర్చున్నవాళ్లు మే మొదటి వారంలో రోజుకి 20, 30 నిమిషాలకు మించి బయట కష్టపడకూడదు. అయిదింటికి మొదలుపెట్టి ఏడు లోపు ముగించండి. సాయంత్రం పరుగు చల్లగా ఉంటుందనుకోవడం పొరపాటు: పగలంతా కాగిన సిమెంటు రోడ్డు రాత్రి ఎనిమిదింటికీ వేడి కక్కుతూనే ఉంటుంది. వేగం సంగతి మరిచిపోండి. కిలోమీటరుకి అరనిమిషం నుంచి నిమిషం దాకా నెమ్మదిస్తే అది ఓటమి కాదు, ఎండ లెక్క.

డోజో (కరాటే నేర్పే చోటు) ఎండ వేరు. రేకుల షెడ్డులోనో సెల్లారులోనో గాలి ఆడదు, పైగా ఒంటి మీద దళసరి నూలు గి (కరాటే డ్రెస్సు). ఈ కాలంలో వార్మప్ దగ్గర గి పైభాగం తీసి టీ షర్టుతో చేయనివ్వమని మాస్టారుని అడగండి, పదిహేను నిమిషాలకోసారి నీళ్ల విరామం అడగండి. క్రమశిక్షణ పేరుతో నీళ్లు ఆపే చోట మే నెలలో పిల్లల్ని అసలు పంపవద్దు.

జులైలో ఎండ తగ్గుతుంది, జనం ధీమా పడతారు. ఉక్కలో చెమట కారుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. 28 డిగ్రీల ఉక్కలో కూడా వడదెబ్బ తగులుతుంది.

ఎంత తాగాలో ఇంట్లో బరువు చూసే కాటానే చెబుతుంది. పరుగుకి ముందు, తర్వాత తడి బట్టలు విప్పి బరువు చూసుకోండి. ఒక కిలో తగ్గితే సుమారు లీటరు చెమట పోయినట్టు. బరువు పెరిగితే ఎక్కువ తాగేశారన్నమాట, అది ఇంకా ప్రమాదం: గంటలకొద్దీ ఉత్త నీళ్లు పట్టిస్తే రక్తంలో సోడియం పడిపోయి వాంతులు, తలనొప్పి, మూర్ఛ దాకా పోతుంది. గంట దాటిన పరుగుకి ఓఆర్ఎస్ మంచిది. లీటరు ప్యాకెట్టుని లీటరు నీళ్లలోనే కలపాలి, అర లీటరు సీసాలో కుదించకూడదు. ప్యాకెట్టు లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లకి తలగొట్టిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా. మజ్జిగలో ఉప్పు వేసి తాగినా తప్పులేదు. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు సంగతి డాక్టరుని అడిగి చేయండి.

మనిషి తూలుతున్నా, సంబంధం లేని మాటలు మాట్లాడుతున్నా, ఉన్నట్టుండి చిరాకుపడి ఎదురు తిరుగుతున్నా అది వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోంది కదా అని తోసిపుచ్చవద్దు, పరుగెత్తేవాళ్లకి వడదెబ్బలో చెమట ఆగకపోవచ్చు. 108కి ఫోన్ చేయిస్తూనే చల్లబరచడం మొదలుపెట్టాలి, ఆసుపత్రికి చేరాక చూద్దామని ఆగకూడదు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, నిండా నీళ్లు గుమ్మరిస్తూ విసరాలి. తొట్టి ఉంటే మెడ దాకా చల్లటి నీళ్లలో, తల పట్టుకుని కూర్చోబెట్టాలి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయవద్దు. పారాసెటమాల్ ఈ వేడిని తగ్గించదు.

పరుగుకి ముందు డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్ర వేసుకునే అలవాటు ఈ నాలుగు నెలలైనా మానండి. నీళ్లు తగ్గిన ఒంట్లో అవి కిడ్నీల మీద పడతాయి. అలవాటు లేని వందలకొద్దీ గుంజీలు, పుషప్‌లు చేసిన మర్నాడో మూడో రోజో మూత్రం కోలా రంగులోకి మారి, కండరాలు వాచి, నొప్పి భరించలేకపోతే అది మామూలు ఒళ్లు నొప్పులు కాదు. కండరం కరిగి కిడ్నీలకు చేరుతోంది. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

కాళ్లు, తల

పరుగు షూస్‌లో, కరాటే ఉత్త కాళ్లతో, అదీ మునివేళ్ల మీద. రెండూ పిక్కనీ మడమ వెనక స్నాయువునీ ఒకే చోట లాగుతాయి. ఉదయం మంచం దిగిన మొదటి అడుగుకే అరికాలు గుచ్చుకుంటే ఆ వారం స్కిప్పింగ్ మానండి, లాంగ్ రన్ సగం చేయండి. అలసిన కాళ్లతో మావాషిగేరి (పక్క నుంచి కాలు తిప్పి కొట్టే తన్ను) తలెత్తున తన్నబోతే తొడ వెనక కండరమో గజ్జ కండరమో చిరుగుతుంది, ఎత్తు నడుము దాకా దించండి. మ్యాట్‌కి పాదం అతుక్కుని మోకాలు మాత్రం తిరిగితే లిగమెంటు తెగుతుంది. చెమటతో జిగటగా ఉన్న మ్యాట్‌ని మధ్యలో తుడవాలి. మోకాలి కింద ముందు వైపు ఎముక మీద ఒక్క వేలితో చూపించగలిగేంత చోటే నొప్పి ఉండి, ఒంటికాలి మీద గెంతితే ఎక్కువవుతుంటే ఎముక బీట వారి ఉండొచ్చు. డాక్టరు చూసేదాకా పరుగూ వద్దు, తన్నూ వద్దు.

తలకి తగిలిన దెబ్బ విషయంలో మొహమాటం పనికిరాదు. స్పృహ తప్పక్కర్లేదు. తల దిమ్ముగా ఉన్నా, వెలుతురు భరించలేకపోయినా, ఇప్పుడే చెప్పింది మరిచిపోయినా ఆ రాత్రికి కుమితే అయిపోయినట్టే. గమ్ షీల్డ్ పళ్లను కాపాడుతుంది, హెడ్ గార్డ్ చర్మం చిట్లకుండా చూస్తుంది, పుర్రె లోపల మెదడు అదరడాన్ని ఏదీ ఆపలేదు. మాటిమాటికీ వాంతులు, పెరుగుతూ పోయే తలనొప్పి, ఒక కంటిపాప పెద్దదవడం, ఫిట్స్, చెయ్యో కాలో పట్టు తప్పడం, ఇందులో ఏది కనిపించినా వెంటనే ఎమర్జెన్సీకి. అవేవీ లేకపోయినా ఆ రాత్రి బండి మీద ఒంటరిగా ఇంటికి బయల్దేరవద్దు, క్లాసుకి తెచ్చిన పిల్లల్ని వెనక ఎక్కించుకోవద్దు. ఇంట్లోవాళ్లని పిలవండి, జరిగింది దాచకుండా చెప్పండి. రాత్రి మార్పు వస్తే కనిపెట్టాల్సింది వాళ్లే. మొదటి 24 నుంచి 48 గంటలు నెమ్మదిగా నడక మాత్రమే. తర్వాత తేలిక పరుగు, ఆ తర్వాత కటా, ఆ తర్వాత పంచింగ్ బ్యాగు. ఒక్కో మెట్టుకీ కనీసం ఒక రోజు. కుమితే అన్నిటికన్నా చివర, డాక్టరు సరేనన్నాకే. ఆ వారం ఆదివారం లాంగ్ రన్ కూడా రద్దు, తలకీ పరుగుకీ సంబంధం లేదనుకోవద్దు.

బెల్ట్ టెస్ట్ రెండు మూడు గంటలు సాగుతుంది కాబట్టి దాన్నే ఆ వారం లాంగ్ రన్ కింద లెక్కగట్టండి. పోటీకి బరువు దింపాల్సి వస్తే ప్లాస్టిక్ సూటు, నీళ్లు మానడం అనే దారి పట్టవద్దు. 1997 నవంబర్, డిసెంబర్‌లలో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ విద్యార్థులు అలా నీళ్లు మాని, గాలి చొరని సూట్లలో కసరత్తు చేసి చనిపోయారు. మే నెలలో ఇక్కడ మామూలు గదే అలాంటి సూటు. పై బరువు విభాగంలో దిగండి.

ఇంట్లో, వీధిలో

పంచింగ్ బ్యాగు ఫ్యాను కొక్కేనికి వేలాడదీయడం చాలా ఇళ్లలో చూస్తాం. ఆ కొక్కెం కదలని కొద్ది కిలోల బరువుకి. ముప్పై కిలోల బ్యాగు ఊగుతూ కుదుపుతుంటే అది లాగే లాగుడు వేరు. నేల మీద నిలబడే స్టాండ్ బ్యాగు కొనుక్కోండి. ట్రెడ్‌మిల్ వాడాక సేఫ్టీ కీ తీసి పైన దాచండి, ప్లగ్గు పీకండి: నడిచే బెల్టులో పసివాళ్ల చేతులు ఇరుక్కుంటాయి. నన్‌చాకు, కర్రసాము కర్రలు బీరువాలో.

మ్యాట్ మీది తామర ఇంటిల్లిపాదికీ పాకుతుంది. గి ప్రతి క్లాసుకీ ఉతికి ఎండలో ఆరేయాలి, బ్యాగులో మర్నాటి దాకా ముద్దగా ఉంచకూడదు, తువ్వాలు ఎవరిది వాళ్లకే. మెడికల్ షాపు క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. నాలుగు రోజులు దురద తగ్గి, తర్వాత తామర మొండికేస్తుంది. చర్మ వైద్యులకు చూపించండి.

చీకటి పరుగులో ఎదురొచ్చే బండ్లు కనిపించేలా రోడ్డుకి కుడి పక్కన వెళ్లండి, చెవుల్లో ఏమీ పెట్టుకోవద్దు, మెరిసే పట్టీ కట్టుకోండి, జేబులో ఇంటి ఫోన్ నంబరు రాసిన చీటీ ఉంచండి. కుక్కలు వెంటపడితే పరుగు ఆపేయండి, కళ్లలోకి చూడకుండా మెల్లగా తప్పుకోండి. కరిస్తే లేదా గోరు గీరితే సబ్బుతో, పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. టీకాతో పాటు గాయం దగ్గర వేసే ఇమ్యునోగ్లోబులిన్ అవసరమో కాదో అడగండి. మొదటి సూదితో ఆపకుండా చివరి డోసు దాకా వేయించుకోవాలి.

షుగరు మాత్రలో ఇన్సులిన్‌లో వాడేవాళ్లు ఖాళీ కడుపుతో లాంగ్ రన్‌కి దిగవద్దు, జేబులో గ్లూకోజు ఉండాలి. నలభై దాటినవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉన్నవాళ్లు మే కంటే ముందే డాక్టరుకి చూపించుకోండి. జ్వరం ఉంటే పరుగు లేదు, తగ్గాక కూడా వారం ఆగండి. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఐబూప్రొఫెన్ అసలు వద్దు, ప్లేట్‌లెట్లు కోలుకునేదాకా కుమితే కూడా వద్దు.

రేసుకి పది రోజుల ముందు కుమితే ఆపేసి కటా మాత్రమే చేయండి. రేసు వారం శ్రావణ మాసం పూజలతో, చుట్టాలతో ఇల్లు నిండి ఉండొచ్చు. పులిహోర, బూరెలు ముందు రోజు మధ్యాహ్నమే తినండి, రాత్రి తేలిగ్గా అన్నం, పెరుగు చాలు. రేసు అయ్యాక వారం రోజులు డోజోకి వెళ్లినా మ్యాట్ పక్కన కూర్చోండి. నల్లబడిన బొటనవేలి గోరుతో ఉత్త కాళ్ల క్లాసుకి దిగితే ఆ గోరు మొదటి తన్నుకే ఊడి వస్తుంది.