బాస్కెట్‌బాల్ రిఫరీ పాఠాలు – 4: బ్లాకింగా, చార్జింగా?

బుట్ట దగ్గరుండే రిఫరీ లీడ్, ఆట వెనక వచ్చే రిఫరీ ట్రెయిల్; ఎవరెక్కడ నిలబడాలో పోయిన పాఠంలో చూశాం. ఇప్పుడు కొత్త రిఫరీకి చెమటలు పట్టించే విజిల్ సంగతి: ఢీకొన్నప్పుడు తప్పు డిఫెండర్‌దైతే బ్లాకింగ్, బంతి ఉన్నవాడిదైతే చార్జింగ్.

డ్రిబ్లర్ (బంతిని నేలకేసి కొడుతూ వచ్చేవాడు) దూసుకొచ్చాడు, డిఫెండర్ వెల్లకిలా పడ్డాడు. రెండు బెంచీలూ లేచి అరుస్తాయి. పడ్డవాణ్ణి చూసి ఊదారో, సగం తీర్పులు తప్పుతాయి. ఢీకొనకముందే డిఫెండర్ మీద కన్నుండాలి. రెండు పాదాలూ నేలమీద ఆనించి, డ్రిబ్లర్‌కి ఎదురుగా నిలిచాడా? ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నియమాల్లో, బంతి చేతిలో ఉన్నవాడి ముందు ఆ చోటు పట్టడానికి కనీస దూరమంటూ లేదు. ఒకసారి పట్టాక పక్కకో వెనక్కో జరగొచ్చు. ‘కదిలాడు కాబట్టి బ్లాకింగ్’ అనడం కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు. దెబ్బ ఛాతీకి తగిలితే చార్జింగే. డిఫెండర్ మోకాలు చాచినా, ముందుకు తోసుకొచ్చినా బ్లాకింగ్.

ఆటగాడు గాల్లోకి లేచాక దారికి అడ్డం వచ్చినవాడిదే తప్పు. బుట్ట కింద 1.25 మీటర్ల అర్ధవృత్తం సంగతీ మరవొద్దు: గాల్లో ఉండి షాట్‌కో పాస్‌కో ప్రయత్నించేవాడు ఆ గీతలోపల పాదమున్న డిఫెండర్‌ని గుద్దినా చార్జింగ్ ఇవ్వరు. చేత్తో నెట్టడం, కాలు చాచడం లాంటివి చేస్తే వేరే మాట.

అదే టచ్‌కి మొదటి క్వార్టర్‌లో ఊది, నాలుగో దాంట్లో వదిలేశారని కోచ్‌లు గొడవపడతారు. చాలాసార్లు పక్షపాతం కాదు, కోణం. పరుగెత్తుతూ చూశారు, లేదా వీపు మాత్రమే కనిపించింది, మిగతాది ఊహించారు. రెండడుగులు పక్కకేసి, ఆగి చూడండి. ఇద్దరి మధ్య ఖాళీ కనపడాలి. కనపడకపోతే విజిల్ నోట్లోనే ఉంచండి. నాలుగు ఫౌళ్లున్న ఆటగాడిపై జాలిపడి ఐదోది (దాంతో అతను ఆట నుంచి బయటికే) మింగేయడం, ఇందాకటి తప్పుకి అవతలి జట్టుపై ఇంకోటి ఊది సరిపెట్టడం... ఇవి మాత్రం కోణం సాకు చెప్పుకోలేనివి.

ఈ వారం సాధన: ఏదైనా మ్యాచ్ వీడియోలో ఒక క్వార్టర్, శబ్దం ఆపేసి చూడండి. ఢీకొన్న ప్రతిసారీ ఆపి, పాదాలు, ఛాతీ, గాలి అనే మూడు గడుల్లో కనిపించింది రాసి, తీర్పివ్వండి. మూడు రోజులాగి పాత కాగితం చూడకుండా మళ్లీ చెయ్యండి. రెండు కాగితాలూ పొంతన కుదరని చోట, ఢీకొనే ముందు క్షణంలో మీ కన్ను బంతి మీదుందో డిఫెండర్ మీదుందో గుర్తు తెచ్చుకుని పక్కన రాసుకోండి. ఆ కాగితాలు దాచండి, వచ్చే పాఠంలో హ్యాండ్ చెకింగ్‌కి (డిఫెండర్ చేత్తో పట్టి ఎదుటివాణ్ణి అడ్డుకోవడం) అవే పనికొస్తాయి.