స్పాట్ పక్కన వెంట్రుక పగులు: ఎందుకు, ఏం చేయాలి

"స్పాట్ బాగానే పడిందన్నా, పక్కన రేకు పగిలింది." స్పాట్ అంటే స్పాట్ వెల్డింగ్: గన్ రాగి టిప్‌ల మధ్య రేకుల్ని నొక్కి, కరెంట్‌తో కాల్చి వేసే అతుకు. భీమవరంలో మా డెంటింగ్ షెడ్డుకి కొత్త మోడల్ కారు వస్తే ఈ మాట తప్పదు. పాత కార్ల మెత్తటి రేకు మీద ఇదే గన్‌తో ఏ గొడవా ఉండదు. జింక్ పూసిన హై స్ట్రెంగ్త్ (గట్టి) రేకు దగ్గరే, అంటే బాడీ బరువు మోసే పిల్లర్లు, మెంబర్ల దగ్గరే తంటా.

సమస్య: టిప్ నొక్కిన గుంట అంచున సన్నటి గీత. మసి తుడిస్తే గానీ కనపడదు. అనుమానముంటే ఎర్ర పెనిట్రెంట్ (పగుళ్లలోకి ఇంకే రంగు ద్రవం) కొట్టి, కాసేపాగి శుభ్రంగా తుడిచి, తెల్ల డెవలపర్ (ఆ రంగుని పైకి లాగే పూత) చల్లండి. పగులుంటే తెలుపు మీద ఎర్ర వెంట్రుకలా తేలుతుంది.

కారణం: జింక్ సుమారు 420 డిగ్రీలకే కరుగుతుంది. ఉక్కు కరగడానికి దాదాపు 1500 కావాలి. ఉక్కు ఎర్రగా కాలేసరికి పైన జింక్ నీళ్లైపోయి ఉంటుంది. అదే సమయంలో రేకు మీద లాగుడు పడితే, ఆ జింక్ ఉక్కు రేణువుల సందుల్లోకి దిగి విడదీస్తుంది. మెత్తటి రేకు సాగి సర్దుకుంటుంది, గట్టి రేకు సర్దుకోదు.

పరిష్కారం: ముందు హోల్డ్ టైమ్, అంటే కరెంట్ ఆగాక టిప్ నొక్కి ఉంచే సమయం చూడండి. కరెంట్ ఆగగానే గన్ ఎత్తేయడం మనకు అలవాటు. రాగి టిప్ ఇంకాస్త నొక్కి ఉంచితే వేడిని అదే లాగేస్తుంది. ఆ తర్వాత రేకుల మధ్య సందు, గన్ వాలు. మేము వారం రోజులు రేకునే తిట్టాం, చివరికి చూస్తే గన్ చెయ్యి ఒక పక్కకి వాలి ఉంది! సందుంటే ముందే క్లాంపులతో మూసేయాలి. టిప్ అరిగితే డ్రెస్ చేయండి (మొన మళ్లీ సరిచేయండి), కూలింగ్ నీళ్లు తిరుగుతున్నాయో లేదో చూడండి.

నిప్పులు చిమ్ముతుంటే కరెంట్ తగ్గించండి. సాయంత్రం చేపల, రొయ్యల చెరువుల మీద ఏరేటర్లు (నీటికి గాలి కొట్టే మోటార్లు) తిరుగుతుంటే మా లైనులో వోల్టేజ్ పడిపోతుంది. అప్పుడు పెంచిన సెట్టింగ్‌ని పొద్దున్న మర్చిపోతే అంతే.

పగిలిన స్పాట్ మీద మళ్లీ స్పాట్ కొట్టొద్దు. కంపెనీ రిపేర్ మాన్యువల్ ఏం చెబితే అది, భాగం మార్చమంటే మార్చడమే. మిగ్ (తీగతో చేసే గ్యాస్ వెల్డింగ్ కాదు, కరెంట్ వెల్డింగ్) వాడాల్సి వస్తే అతుకు దగ్గర జింక్ మాత్రమే గ్రైండ్ చేయండి, ఉక్కు తినేయకుండా. జింక్ తెల్ల పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం రావచ్చు, ఫ్యాన్ పెట్టుకోండి. పని అయ్యాక జింక్ ప్రైమర్ ఆ రోజే వేయాలి, మన ఉప్పుగాలికి రేపటిదాకా ఓపిక ఉండదు.