గోధుమ తల సీగల్‌ను గుర్తుపట్టడం ఎలా?

పేరులో ఉంది కదా అని తల రంగు కోసం వెతికితే పప్పులో కాలేసినట్టే. చలికాలంలో ఈ పక్షి తల తెల్లగా మారిపోతుంది, కంటి వెనక ఒక ముదురు మచ్చ మాత్రం మిగులుతుంది. దాని దగ్గరి చుట్టం నల్ల తల సీగల్‌దీ అప్పుడు అదే వేషం. పైగా గుడ్లు పెట్టే కాలంలో రెండిటి తలలూ గోధుమ రంగులోనే ఉంటాయి, కాకపోతే ఒకటి లేత, ఒకటి ముదురు. అందుకే తల సంగతి చివర్లో చూసుకోవచ్చు.

ముందు అది సీగలేనా అన్నది తేల్చుకోండి. టెర్న్ పక్షులు కూడా తెలుపు, బూడిద రంగుల్లో నీళ్ల మీద తిరుగుతుంటాయి. వాటి ఒళ్లు సన్నం, ముక్కు సూదిమొన, తోక చాలావాటికి చీలి ఉంటుంది. సీగల్ కాస్త బొద్దు. తోకకు చీలిక ఉండదు, ముక్కు చివర కొద్దిగా కిందికి వంగుతుంది. నీళ్ల మీద తీరిగ్గా కూర్చుని తేలుతుంది కూడా.

తర్వాత అది ఎగిరేదాకా ఆగండి. అసలు ఆనవాలు రెక్కల కొసల్లోనే ఉంది. ఎదిగిన గోధుమ తల సీగల్‌కి రెక్క కొస బాగా నల్లగా ఉంటుంది, ఆ నలుపులో చివరకు దగ్గరగా తెల్లటి మచ్చలు విడిగా కనిపిస్తాయి. నల్ల తల సీగల్‌కి అలా ఉండదు. రెక్క బయటి సగంలో ముందంచు వెంబడి తెల్లటి పట్టీ సాగి, కొసన సన్నటి నల్ల అంచు మాత్రమే ఉంటుంది. పక్షి మలుపు తిరిగేటప్పుడు కెమెరాతో వరసగా పది ఫొటోలు కొట్టేయండి. ఒక్కటైనా పనికొస్తుంది.

కూర్చున్న పక్షి అయితే బైనాక్యులర్స్‌తో కన్ను చూడండి. కనుపాప చుట్టూ లేత పసుపు ఉంటే గోధుమ తలదే కావచ్చు, నల్ల తలకి కన్నంతా ముదురుగా ఉంటుంది. కానీ ఇంకో రకమైన సన్న ముక్కు సీగల్‌కి కూడా లేత కళ్లే. దాని రెక్క మాత్రం నల్ల తల సీగల్ రెక్కలా ఉంటుంది కాబట్టి అనుమానం వస్తే మళ్లీ రెక్క దగ్గరికే రావాలి.

పిల్ల పక్షులతోనే తలనొప్పి. కళ్లు ముదురుగానే ఉంటాయి, రెక్కల పైన గోధుమ రంగు మరకలు, తోక చివర నల్ల పట్టీ ఉంటాయి. రెక్క కొసల్లో తెల్ల మచ్చలు ఇంకా రావు, నలుపు మాత్రం విశాలంగా ఉంటుంది. దాన్నే పట్టుకోవాలి.

నెల కూడా సాయం చేస్తుంది. గోధుమ తల సీగల్స్ టిబెట్, లద్దాఖ్ లాంటి ఎత్తైన పీఠభూముల సరస్సుల దగ్గర, చిత్తడి నేలల్లో గుంపులుగా గూళ్లు కడతాయి. చలికాలానికి దక్షిణాసియా తీరాలకూ పెద్ద సరస్సులకూ దిగుతాయి. చేపలు, రొయ్యలు, పురుగులు, పడవల వాళ్లు పారేసిన వ్యర్థాలు, ఏది దొరికితే అది తింటాయి. తిరుగు ప్రయాణానికి ముందు, మార్చి, ఏప్రిల్ నెలల్లో తలకు రంగెక్కుతుంది. ముఖం వైపు లేతగా, మెడ దగ్గర అంచు ముదురుగా ఉంటుంది. కొత్తవాళ్లు మొదలుపెట్టడానికి అదే మంచి సమయం.

ఇంకో జాగ్రత్త. 2005లో చైనాలోని చింగ్‌హై సరస్సు దగ్గర బర్డ్ ఫ్లూతో వేల పక్షులు చనిపోయాయి, వాటిలో ఈ సీగల్స్ కూడా ఉన్నాయి. గుంపులో చచ్చిన పక్షులు కనిపిస్తే దూరం నుంచే ఫొటో తీసుకోండి. చేత్తో ముట్టుకోకుండా పశువైద్య అధికారులకు చెప్పండి.